బరువు తగ్గుతుంటే ఎల్‌డీఎల్ పెరిగిందా? రిపోర్టు ఎప్పుడు చేయించాలి, ఏ అంకె చూడాలి

#1 · గోదారిగట్టు

"ఆరు కిలోలు తగ్గాను, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) మాత్రం పెరిగింది, ఏం చేయాలి?" అని ఇక్కడ తరచూ అడుగుతున్నారు. ఒకరు "ఏం కాదు, వదిలేయండి" అంటారు, ఇంకొకరు "వెంటనే డైట్ ఆపేయండి" అంటారు. రెండూ తొందరపాటు మాటలే. తెలిసినవాళ్లందరం ఒకచోట రాసిపెడితే కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుంది. నేను మొదలుపెడతాను. అంకెలన్నీ మన రిపోర్టుల్లో వచ్చే మిల్లీగ్రామ్/డెసీలీటర్ లెక్కలోనే రాస్తున్నా.

ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు కొవ్వు కణాల్లో దాగున్న కొలెస్ట్రాల్ కూడా రక్తంలోకి దిగుతుంది. 1991లో స్టీఫెన్ ఫిన్నీ బృందం దీన్ని బాగా పట్టుకుంది. చాలా తక్కువ క్యాలరీల డైట్‌లో ఉన్నవాళ్లకు మొదటి ఒకటి రెండు నెలలు కొలెస్ట్రాల్ బాగా పడిపోయింది. బరువు ఇంకా తగ్గుతూ పోతుంటే మళ్లీ పైకి లేచి, మొదలుపెట్టినప్పటి అంకెను కూడా దాటింది. బరువు ఒకచోట నిలబడ్డాక కిందకు దిగింది. అంటే బరువు పడిపోతున్న రోజుల్లో తీసిన రక్తం మీ అసలు స్థాయి చెప్పదు.

ఇంకో లెక్క 1992 నాటిది. 70 అధ్యయనాలు కలిపి చూస్తే, తగ్గిన ఒక్కో కిలోకు మొత్తం కొలెస్ట్రాల్ సుమారు 2, ఎల్‌డీఎల్ 0.8, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే కొవ్వు) 1.3 తగ్గాయి. హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) మాత్రం బరువు తగ్గుతున్నంత కాలం కిలోకు పావు పాయింటు చొప్పున పడిపోయి, బరువు నిలబడ్డాక కిలోకు 0.35 చొప్పున పెరిగింది.

ఎల్‌డీఎల్ అంకె మళ్లీ చూడండి. పది కిలోలు తగ్గితే సగటున 8 పాయింట్లు, అంతే. షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్స్, ఫ్యాటీ లివర్‌కు బరువు తగ్గడం గట్టి మందు. ఎల్‌డీఎల్‌కు అంత గట్టిది కాదు. 170 ఉన్నవాళ్లు బరువు తగ్గి 100కు తెచ్చుకుంటామనుకుంటే చివరికి నిరాశే మిగులుతుంది.

#2 · ల్యాబ్‌బెంచ్

మంచి పని మొదలుపెట్టారు గోదారిగట్టు గారు. రక్తం తీసే దగ్గర జరిగే పొరపాట్లు నేను రాస్తాను. సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

ఒకే మనిషికి, తిండి మారకపోయినా, ఎల్‌డీఎల్ ఒకసారికీ ఇంకోసారికీ 8–10 శాతం అటూ ఇటూ అవుతుంది. ట్రైగ్లిజరైడ్స్ అయితే 20 శాతం పైనే మారతాయి. 130 కాస్తా 138 అయితే అది పెరిగినట్టు కాదు. రెండుసార్లు తీసిన సగటునే నమ్మాలి.

ప్రతిసారీ ఒకే ల్యాబు, ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు ఉన్నదైతే మంచిది. రిపోర్టులో ఎల్‌డీఎల్ పక్కన "డైరెక్ట్" (నేరుగా కొలిచింది) అని ఉందా "క్యాల్కులేటెడ్" (లెక్కగట్టింది) అని ఉందా చూసుకోండి. ఒకసారి అదీ ఇంకోసారి ఇదీ పెట్టుకుని పోల్చకండి.

పరగడుపు తప్పనిసరేం కాదు, 2016 యూరప్ నిపుణుల ప్రకటన నుంచి తిన్నాక తీసిన రక్తమూ చెల్లుతుంది. కానీ ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ ఉన్నవాళ్లు, రిపోర్టులను వరుసగా పోల్చుకునేవాళ్లు 10–12 గంటలు ఆగి ఇవ్వడమే మేలు. 18 గంటలు, 24 గంటలు ఉపవాసం ఉండి వస్తే ఇంకా కచ్చితంగా వస్తుందనుకోవడం తప్పు. ఎక్కువసేపు ఉపవాసం ఉంటే కొందరికి ఎల్‌డీఎల్ పెరుగుతుంది.

ముందు రెండు రోజులు మద్యం ముట్టకూడదు, ట్రైగ్లిజరైడ్స్ ఎగిరిపోతాయి. ముందు రోజు జిమ్‌లో బరువులెత్తితే సీపీకే (కండరాల ఎంజైమ్), ఎస్‌జీఓటీ (లివర్ పరీక్షల్లో చూసే ఎంజైమ్) పెరిగి లివర్ పాడైందన్న భయం పట్టుకుంటుంది. డెంగీ, వైరల్ జ్వరం, ఆపరేషన్ తర్వాత ఎల్‌డీఎల్ దొంగగా తగ్గుతుంది, కనీసం నాలుగు వారాలు ఆగండి. కుర్చీలో పది నిమిషాలు కూర్చున్నాక ఇవ్వండి. పడుకుని ఇస్తే అంకె తగ్గుతుంది, చేతికి పట్టీ ఎక్కువసేపు బిగిస్తే పెరుగుతుంది.

#3 · ఓరుగల్లు_నడక

అన్నా, మంచిగ చెప్పిన్రు. మరి ఎన్నిసార్లు చేయించాలె? నెలనెల చేయిస్తున్నరు కొంతమంది. పైసలు దండుగ కాదా?

#4 · గోదారిగట్టు

దండుగే అన్నా. నెలనెలా చూస్తే పైన చెప్పిన ఊగిసలాట తప్ప ఇంకేం కనిపించదు. మూడు రిపోర్టులు చాలు.

మొదటిది డైట్ మొదలుపెట్టకముందే. చాలామంది దాటేసేది ఇదే, తర్వాత పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. లిపిడ్ ప్రొఫైల్‌తో (కొలెస్ట్రాల్ పరీక్షతో) పాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), ఎస్‌జీపీటీ (లివర్), క్రియాటినిన్ (కిడ్నీ), పొటాషియం చేయించండి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, బరువూ తగ్గదు. అది తెలియకుండా ఆరు నెలలు డైట్ చేసి లాభం లేదు. నడుము చుట్టుకొలత, బీపీ కూడా అదే రోజు రాసుకోండి.

రెండోది 12 వారాలకు. ఇది దారి చూసుకోవడానికే, తీర్పు చెప్పడానికి కాదు.

మూడోది బరువు నిలబడ్డాక. నాలుగు వారాల పాటు కిలోకు మించి అటూ ఇటూ కదలకపోతే నిలబడినట్టు లెక్క. అక్కడి నుంచి ఇంకో నాలుగు వారాలు ఆగి చేయించండి. ఆ రిపోర్టే అసలైనది.

స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మొదలుపెట్టినా, మోతాదు మార్చినా లెక్క వేరు. 4 నుంచి 12 వారాల్లో డాక్టర్ చెప్పినప్పుడు చేయించాల్సిందే, బరువు నిలబడేదాకా ఆగకూడదు.

#5 · నాన్‌హెచ్‌డీఎల్

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. కల్పించిన అంకెలే గానీ, ఇలాంటి రిపోర్టులు మనవాళ్లలో సర్వసాధారణం.

మొదట, 88 కిలోలప్పుడు: మొత్తం 228, ట్రైగ్లిజరైడ్స్ 260, హెచ్‌డీఎల్ 36.
12 వారాలకు, 79 కిలోలు: మొత్తం 214, ట్రైగ్లిజరైడ్స్ 130, హెచ్‌డీఎల్ 33.
బరువు నిలిచాక, 77 కిలోలు: మొత్తం 190, ట్రైగ్లిజరైడ్స్ 120, హెచ్‌డీఎల్ 39.

చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కగడతారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు కూడా తీసేస్తారు. ఆ ప్రకారం

మొదట 228 − 36 − 52 = 140
12 వారాలకు 214 − 33 − 26 = 155
చివర 190 − 39 − 24 = 127

12 వారాలకు 140 కాస్తా 155 అయింది, ఇంట్లో కంగారు. ఇప్పుడు నాన్ హెచ్‌డీఎల్ చూడండి. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చేదే అది: 192, తర్వాత 181, చివర 151. ఒక్కసారి కూడా పెరగలేదు. రక్తనాళాల గోడల్లో పేరుకునే కొలెస్ట్రాల్ మొత్తం ఈ అంకెలోకి వస్తుంది, ఎల్‌డీఎల్ అందులో ఒక భాగమే.

మరి 155 ఎందుకొచ్చింది? ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ ఉన్నప్పుడు ఆ సూత్రం ఎల్‌డీఎల్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. మొదట్లో వచ్చిన 140 అసలు ఉండాల్సిన దానికన్నా తక్కువే. ట్రైగ్లిజరైడ్స్ సగానికి పడ్డాక ముసుగు తొలగింది. 400 దాటితే ఆ సూత్రం పనికే రాదు, అప్పుడు డైరెక్ట్ ఎల్‌డీఎల్ అడగాలి.

చివరి 151 చూసి సంబరపడిపోకండి. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రిస్క్ తక్కువ ఉన్నవాళ్లకే ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 130 లోపు ఉండాలన్నారు. రిస్క్ ఎక్కువైతే 70, 100. ఇప్పటికే గుండెపోటు, స్ట్రోక్ వచ్చినవాళ్లకు 55, 85. ఈ ఉదాహరణలోని మనిషి 11 కిలోలు తగ్గి కూడా గీత అవతలే ఉన్నాడు. ఇక్కడి నుంచి తిండిలో ఏం మార్చాలి, మందు కావాలా అన్నది డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

#6 · పొడిబొబ్బర్లు

తిండి సంగతి నేను రాస్తాను, ఎల్‌డీఎల్‌ను నిజంగా కదిలించేది అదే కాబట్టి.

మన దగ్గర రోజుకు 70 గ్రాములు, ఒక్కోసారి 100 గ్రాములు కొబ్బరినూనె తాగించే ద్రవాహార డైట్ బాగా ప్రచారంలో ఉంది. కొబ్బరినూనెలో నూటికి 80 పాళ్లకు పైగా సంతృప్త కొవ్వే. 70 గ్రాములంటే దాదాపు 58 గ్రాముల సంతృప్త కొవ్వు. 1500 క్యాలరీల తిండిలో పదో వంతు లెక్కన చూస్తే దానికి హద్దు 16–17 గ్రాములు. బరువు తగ్గుతుంది, షుగర్ తగ్గుతుంది, ట్రైగ్లిజరైడ్స్ తగ్గుతాయి, అవన్నీ నిజమే. కానీ కొందరికి ఎల్‌డీఎల్ విపరీతంగా పెరుగుతుంది. దీన్ని "బరువు తగ్గేటప్పుడు మామూలే" ఖాతాలో వేయకూడదు. బరువు నిలబడ్డాక కూడా ఆ నూనె కొనసాగితే ఎల్‌డీఎల్ దిగదు.

కాలేయం ఎల్‌డీఎల్‌ను రిసెప్టర్లతో పట్టుకుని రక్తంలోంచి తీసేస్తుంది. సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఆ రిసెప్టర్లు తగ్గుతాయి. ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువ రోజులు తిరుగుతుంది.

నెయ్యి ఒక టేబుల్ స్పూన్‌లో 8 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది. పామాయిల్‌లో సగం అదే, బయటి వేపుళ్లలో, స్వీట్ షాపు సరుకులో ఎక్కువగా ఉండేది ఈ నూనే. వేరుశనగ, తవుడు నూనెల్లో ఐదో వంతు, పొద్దుతిరుగుడులో పదో వంతు. మనిషికి నెలకు అర లీటరుకు మించకుండా వేరుశనగనో తవుడునో వాడుకుంటే చాలు. ఇంటి వాడకం లెక్క తేలాలంటే సీసా మీద తేదీ రాసి పెట్టండి.

ఫిల్టర్ కాఫీ గురించి ఎవరూ చెప్పరు. కాఫీ గింజలో ఎల్‌డీఎల్‌ను పెంచే కెఫెస్టాల్ అనే పదార్థం ఉంది. కాగితం ఫిల్టర్ దాన్ని పట్టుకుంటుంది, మన స్టీలు ఫిల్టర్ అంతగా పట్టదు. రోజుకు ఒక కప్పుతో పెద్ద తేడా రాదు. నాలుగైదు కప్పులు తాగేవాళ్లు, అందులో నెయ్యో వెన్నో వేసుకునేవాళ్లు మాత్రం ఆలోచించాలి.

#7 · పల్స్72

> బరువు నిలబడ్డాక. ఆ రిపోర్టే అసలైనది.

గోదారిగట్టు గారితో నాకు పేచీ లేదు. కానీ ఈ మాట చదివి ఆగకూడని వాళ్లు కూడా ఆగిపోతారని నా భయం. వీళ్లు బరువు నిలబడేదాకా చూస్తూ కూర్చోకూడదు:

ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లు. బరువు వల్ల ఇంత రావడం అరుదు, వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కావచ్చు. మడమ వెనక తాడులా ఉండే స్నాయువు లావెక్కిందా, ఇంట్లో మగవాళ్లకు 55, ఆడవాళ్లకు 60 ఏళ్లలోపు గుండెపోటు వచ్చిందా చూడాలి. పిల్లలకూ పరీక్ష చేయించాలి.

స్టెంట్, బైపాస్, స్ట్రోక్ అయినవాళ్లు. వీళ్లకు ఎల్‌డీఎల్ ఒక్క నెల ఎక్కువున్నా అది ముప్పే. "బరువు తగ్గాను కదా" అని స్టాటిన్ సొంతంగా ఆపేసేవాళ్లు ఎక్కువ మంది వీళ్లలోనే కనిపిస్తారు. ఆపితే కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ పాత చోటికే వస్తుంది. రిపోర్టు బాగుండటానికి కారణం ఆ మాత్రే.

షుగర్ ఉండి, దానితో పాటు మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్లు.

ట్రైగ్లిజరైడ్స్ 500 దాటినవాళ్లు. పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంది. వీళ్లు కొబ్బరినూనె డైట్, కీటో (పిండి పదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే డైట్) జోలికి అస్సలు పోకూడదు.

#8 · గోదారిగట్టు

పల్స్72 గారి మాటే సరైనది, అందరూ అది కలిపి చదువుకోండి. నేను చెప్పిన ఆగడం గుండె జబ్బు లేకుండా, 190 లోపు ఉండి, 12 వారాల రిపోర్టులో ఎల్‌డీఎల్ కాస్త పెరిగినవాళ్లకే.

#9 · లెస్టర్_తెలుగు

యూకేలో ఉన్న మనవాళ్ల కోసం. ఇక్కడి రిపోర్టులు మిల్లీమోల్స్‌లో వస్తాయి. కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్‌ను 38.67తో గుణిస్తే మన లెక్క. ట్రైగ్లిజరైడ్స్‌ను 88.57తో. పై ఉదాహరణలోని 155 ఇక్కడ 4.0 అవుతుంది. ఊళ్లో అమ్మానాన్నల రిపోర్టును ఇక్కడి దానితో పోల్చేటప్పుడు అన్నింటికీ ఒకే అంకెతో గుణించేస్తున్నారు. ట్రైగ్లిజరైడ్స్ దగ్గర లెక్క తప్పుతుంది.

#10 · పల్స్72

గుండె ఆరోగ్యమంటే కొలెస్ట్రాల్ ఒక్కటే కాదు కాబట్టి బీపీ సంగతి.

బరువు కిలో తగ్గితే బీపీ సగటున ఒక పాయింటు తగ్గుతుంది. కార్బ్స్ (పిండి పదార్థాలు) బాగా తగ్గించినవాళ్లకు మొదటి రెండు వారాల్లోనే ఉప్పూ నీరూ మూత్రంలో పోయి ఇంకా వేగంగా దిగుతుంది. పాత మోతాదు మాత్ర అలాగే వేసుకుంటుంటే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. పై అంకె 110 కిందకు పోతున్నా, నిలబడితే తూలుతున్నా డాక్టర్‌కు ఫోన్ చేసి మోతాదు తగ్గించుకోవాలి. నీరు పోయే మాత్ర ఉన్నవాళ్లు సోడియం, పొటాషియం కూడా చూపించుకోవాలి.

ఇంట్లో కొలిచేటప్పుడు: వీపు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి, కాళ్లు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద. నిమిషం తేడాతో రెండుసార్లు. పొద్దున మాత్రకు ముందు, సాయంత్రం భోజనానికి ముందు. ఏడు రోజులు రాసి, మొదటి రోజువి కొట్టేసి మిగతా సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువే.

చేతి పట్టీ సైజు ఎవరూ పట్టించుకోరు. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది, సన్నబడిన చేతికి పాత పెద్ద పట్టీ కడితే తక్కువ చూపిస్తుంది. పదిహేను, ఇరవై కిలోలు తగ్గినవాళ్లు దండ చుట్టుకొలత టేపుతో కొలిచి, పట్టీ మీద రాసిన సెంటీమీటర్లలో అది ఉందో లేదో చూసుకోండి. బీపీ బాగా తగ్గిందని సంబరపడేముందు ఇది చూడాలి.

షుగర్ మందుల విషయంలో రెండు హెచ్చరికలు. గ్లిమిపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ వాడుతూ తిండి తగ్గిస్తే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతూ కీటో చేస్తే షుగర్ మామూలుగా ఉండగానే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు, ఆయాసం, కడుపునొప్పి వస్తే గ్లూకోమీటర్ చూసి ఊరుకోకండి, ఆస్పత్రికి వెళ్లండి.

నడుస్తుంటే ఛాతీ బిగపట్టి, ఆగితే తగ్గుతుంటే అది గ్యాస్ అనుకోకండి, ఆ వారంలోనే గుండె డాక్టర్‌కు చూపించండి. కూర్చున్నా తగ్గకుండా చెమటలు పడితే 108కి ఫోన్ చేయాలి, బండి మీద సొంతంగా పోకూడదు.

#11 · ఓరుగల్లు_నడక

పట్టీ సంగతి ఇంతవరకు ఎవ్వరు చెప్పలే. ఇంకొకటి అన్నా, అపో బీ, లైపోప్రొటీన్ ఎ అని ప్యాకేజీల కలిపి అమ్ముతున్నరు. అవసరమేనా?

#12 · ల్యాబ్‌బెంచ్

లైపోప్రొటీన్ ఎ (ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో రేణువు) జీవితంలో ఒక్కసారి చాలు. అది జన్యువుల వల్ల వచ్చేది, బరువు తగ్గినా తిండి మార్చినా దిగదు. 50 దాటితే రిస్క్ ఎక్కువని లెక్క, అప్పుడు ఎల్‌డీఎల్, బీపీ, షుగర్ విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. ప్రతి ప్యాకేజీలో మళ్లీ చేయించడం దండుగ.

అపో బీ పనికొస్తుంది. నాళాల్లో పేరుకునే ఒక్కో రేణువుకు ఒక్కో అపో బీ ప్రోటీన్ ఉంటుంది, కాబట్టి అది రేణువుల తలలెక్క. పొట్ట, షుగర్, ట్రైగ్లిజరైడ్స్ మూడూ ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 100 కనిపించినా రేణువులు ఎక్కువ ఉండొచ్చు. డబ్బు చూసుకోవాలనుకుంటే నాన్ హెచ్‌డీఎల్ చాలావరకు ఆ పని చేస్తుంది, పైసా ఖర్చు లేదు.

హెచ్‌ఎస్ సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే పరీక్ష) 10 దాటితే ఎక్కడో ఇన్ఫెక్షనో ఇంకేదైనా వాపో ఉండొచ్చు, గుండెకు అంటగట్టకండి. తగ్గాక మళ్లీ చేయించాలి.

ముఖ్యమైంది ఇంకోటి. బరువు వేగంగా తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుంది, చాలామంది బయోటిన్ మాత్రలు మొదలుపెడతారు. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని మెషీన్లలో టీఎస్‌హెచ్‌ను దొంగగా తక్కువ చూపిస్తుంది. అది నమ్మి థైరాయిడ్ మాత్ర తగ్గిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. గుండెపోటు పరీక్ష ట్రోపోనిన్‌ను కూడా తక్కువ చూపించవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. రక్తం ఇచ్చేముందు రెండు మూడు రోజులు ఆపండి, ఎమర్జెన్సీలో అయితే వేసుకుంటున్నట్టు చెప్పండి.

#13 · మందులకొట్టు

బరువు తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల మీద ఉన్నవాళ్ల కోసం నాలుగు మాటలు. 2023లో వచ్చిన సెలెక్ట్ ట్రయల్‌లో, షుగర్ లేకుండా గుండె జబ్బు, అధిక బరువు ఉన్నవాళ్లలో సెమాగ్లూటైడ్ గుండెపోటు, స్ట్రోక్, గుండె మరణాలను కలిపి 20 శాతం తగ్గించింది. అయినా అది స్టాటిన్‌కు బదులు కాదు, ఆ ట్రయల్‌లో ఎక్కువమంది స్టాటిన్ మీదే ఉన్నారు. విశ్రాంతిలో నాడి కొన్ని బీట్లు పెరగడం మామూలే. కూర్చుని ఉండగానే 100 దాటుతూ ఉంటే డాక్టర్‌కు చెప్పాలి. వాంతులు, విరేచనాలు అవుతుంటే నీళ్లు, పొటాషియం జాగ్రత్త.

ఏ పద్ధతిలోనైనా వారానికి కిలోన్నర కంటే వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు పడే అవకాశం పెరుగుతుంది. కుడివైపు డొక్క కింద నొప్పి భోజనం తర్వాత వచ్చి భుజం దాకా లాగితే స్కాన్ చేయించండి.

#14 · హరితమ్మ

పొడిబొబ్బర్లు గారూ, ఎల్‌డీఎల్ 128 ఉండి మందు ఇంకా రాయనివాళ్లు తిండిలో ఏం చేర్చుకోవచ్చు? తీసేయాల్సినవి చెప్పారు, తినాల్సినవి కూడా చెప్పండి. ఇసబ్‌గోల్ మంచిదంటున్నారు, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు వాడొచ్చా?

#15 · పొడిబొబ్బర్లు

నీళ్లలో కరిగే పీచు రోజుకు 5–10 గ్రాములు చేరిస్తే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం దిగుతుంది. 128 మీద ఆరేడు పాయింట్లు. తక్కువే, కానీ నెయ్యి, పామాయిల్, వేపుళ్లు తగ్గించడంతో కలిస్తే పనికొస్తుంది. ఉలవలు, అలసందలు, రాజ్మా, బెండకాయ, వంకాయ, జామకాయ, 70 గ్రాముల ఓట్స్, వీటిలో రోజూ రెండు మూడు ఉండేలా చూసుకోండి. ఉలవచారు మీద వెన్న వేయకండి. గుప్పెడు బాదం, అక్రోట్లు అదనంగా కాదు, సాయంత్రం జంతికల బదులు.

ఇసబ్‌గోల్ పొట్టు రోజుకు 10 గ్రాములు, చెంచా లెక్క కాకుండా ఒకసారి తూచి చూసుకోండి. 3 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచండి, లేదంటే కడుపు ఉబ్బుతుంది. ఒక్కో మోతాదుకు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి చిక్కబడకముందే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు తక్కువైతే గొంతులో అడ్డం పడుతుంది.

థైరాక్సిన్ వేసుకునేవాళ్లు వాడొచ్చమ్మా, కానీ రెండింటి మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. మాత్ర పొద్దున పరగడుపున, ఇసబ్‌గోల్ రాత్రి భోజనానికి ముందు పెట్టుకుంటే ఇబ్బంది రాదు. మిగతా మందులకూ రెండు గంటల ఎడం ఉంచండి. మింగడం కష్టమైనవాళ్లు, పేగులో అడ్డంకి ఉన్నవాళ్లు వాడకూడదు. 12 వారాలు ఇలా చేసి, అదే ల్యాబులో నాన్ హెచ్‌డీఎల్ చూసుకోండి.